వైరస్ మారడం తేలిక, దోమ కడుపు దాటడం కష్టం

1963లో కలకత్తాలో బయటపడిన చికున్‌గున్యా మరుసటి ఏడు మద్రాసు, పాండిచ్చేరి, వెల్లూరులను చుట్టేసింది. ఆ తర్వాత కోస్తాకు వచ్చి 1965 నాటికి విశాఖపట్నం, రాజమండ్రి, కాకినాడ పట్టణాలను కుదిపింది. జ్వరం నాలుగు రోజుల్లో దిగిపోయినా కీళ్ళు వారాల తరబడి పట్టేసి ఉండే రోగం అది. 1973లో మహారాష్ట్రలోని బార్సీలో కనబడ్డాక దేశంలో పెద్ద వ్యాప్తి అన్నదే లేదు. ముప్ఫై రెండేళ్ళ తర్వాత, 2005 చివర్లో, ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో మళ్ళీ మొదలైంది. 2006 ఒక్క ఏడాదిలోనే దేశవ్యాప్తంగా దాదాపు 13.9 లక్షల అనుమానిత కేసులు లెక్కకెక్కాయి.

అప్పటి జ్వరమే మళ్ళీ వచ్చిందని పెద్దవాళ్ళు అనుకోవడంలో వింత లేదు. మంచం మీద రోగిని చూస్తే రెండూ ఒకటే. జన్యుక్రమం చదివితే మాత్రం కావు. 1960లలో తిరిగింది ఆసియా రకం. 2005లో వచ్చింది తూర్పు-మధ్య-దక్షిణ ఆఫ్రికా రకం. అది 2004లో కెన్యా తీరంలో లేచి, ఒకవైపు కొమొరోస్, రీయూనియన్ దీవుల్ని ముంచి, ఇంకోవైపు మన దేశానికి వచ్చిన వంశం. అంటే ఇక్కడే ఎక్కడో నిద్రపోయి లేచిన వైరస్ కాదు, బయటి నుంచి వచ్చిన దాయాది. ఈ తేడా తెలిసిందీ పుణేలో దశాబ్దాల క్రితం భద్రపరిచిన పాత నమూనాలు ఉండబట్టే. పాతదాన్ని పక్కన పెట్టి పోల్చకపోతే కొత్తది కొత్తదని తేలదు.

దోమల వల్ల వచ్చే వైరస్‌ల పరిణామం మీద జరిగే పరిశోధనంతా చివరికి రెండు ప్రశ్నల దగ్గరికే చేరుతుంది. ఇంత తేలిగ్గా మారగలిగే వైరస్ ఇంత నెమ్మదిగా ఎందుకు మారుతోంది? మారిన వాటిలో ఏది నిలబడుతుందో ఎవరు నిర్ణయిస్తున్నారు? రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు దోమ కడుపులోనూ, ఇంటి పెరట్లోని నీళ్ళ డ్రమ్ము దగ్గరా దొరుకుతుంది.

నకలు రాసేటప్పుడు పడే తప్పులు

డెంగీ వైరస్ జన్యుక్రమం సుమారు 10,700 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ దారం. చికున్‌గున్యాది సుమారు 11,800. మనిషి జన్యుక్రమం మూడు వందల కోట్ల అక్షరాలు కాబట్టి దాని ముందు ఇది ఒక చీటీ ముక్క. డెంగీ చీటీలో రాసి ఉన్నది పది ప్రొటీన్ల తయారీ. మూడు వైరస్ ఒంటిని కడతాయి, మిగతా ఏడు కణంలోకి చేరాక పని నడుపుతాయి. ఆ ఏడింటిలో ఎన్ఎస్5 అనేది నకళ్ళు రాసే గుమాస్తా. ఈ గుమాస్తాకు రాసింది సరిచూసుకునే అలవాటు లేదు. పది వేల నుంచి లక్ష అక్షరాలకు ఒక తప్పు చొప్పున దొర్లుతుంది. జన్యుక్రమం పొడవే పది వేలు కనుక, కొన్ని నకళ్ళకొకటి చొప్పున మూలంతో సరిపోలనిది తయారవుతూనే ఉంటుంది.

జ్వరం ఉచ్ఛస్థితిలో ఉన్న రోగి రక్తం ఒక మిల్లీలీటరులో వైరస్ నకళ్ళు కోట్లలో ఉండవచ్చు. కాబట్టి ఒక్క అక్షరం మారితే వచ్చే ప్రతి మార్పూ ఆ ఒంట్లో ఎక్కడో ఒక చోట ఏదో ఒక క్షణంలో పుట్టే ఉంటుంది. పేపర్లలో అప్పుడప్పుడు కనిపించే ‘వైరస్ మ్యుటేషన్ చెందింది’ అన్న శీర్షికలో వార్తేమీ లేదు. మారకపోతే అది వార్త.

ఇంత సందడిలో ఒక డెంగీ వంశంలో ఏడాదికి స్థిరపడే మార్పులు ఎన్నో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఒక్కో స్థానానికి ఏడాదికి సుమారు 0.0007 మార్పు. దాన్ని 10,700తో గుణిస్తే ఏడెనిమిది అక్షరాలు, అంతే. వాటిలోనూ ఎక్కువ భాగం ప్రొటీన్‌ను తాకని మార్పులే. కోట్లలో పుట్టి ఏడెనిమిది మిగలడానికి ఒక కారణం ఈ వైరస్ రెండు కొంపల్లో కాపురం చెయ్యాల్సి రావడం. మనిషి ఒంట్లో 37 డిగ్రీలు, జ్వరంలో 39, పైగా వైరస్‌ను అడ్డుకునే ఇంటర్ఫెరాన్ ప్రొటీన్ల కాపలా. దోమ ఒంట్లో గాలి ఎంత వేడిగా ఉంటే అంత వేడి, అక్కడ ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే వేరే కాపలా. ఒక కొంపలో లాభించే మార్పు రెండో కొంపలో తరచు నష్టం తెస్తుంది. రెండుచోట్లా చెల్లుబాటయ్యే మార్పులు తక్కువ.

ఇక రెండో కారణం దోమ లోపలి ఇరుకు దారి. అసలు కథ అక్కడుంది.

దోమ లోపల పదిరోజుల ప్రయాణం

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ కోసి చూసింది అనాఫిలిస్ దోమ కడుపు గోడనే. మలేరియా పరాన్నజీవి అక్కడే దొరికింది. వైరస్‌లు వేరే రకం జీవులైనా, దోమలో వాటికి ఎదురయ్యే మొదటి గోడ కూడా అదే.

డెంగీ, చికున్‌గున్యాలను మోసే ఆడ ఈడిస్ ఈజిప్టై దోమ ఒకసారి తాగే రక్తం రెండు మూడు మైక్రోలీటర్లు. చుక్కలో పదిహేనో ఇరవయ్యో వంతు. మిల్లీలీటరుకు పది లక్షల సజీవ వైరస్‌లున్న రోగిని కుడితే దోమ కడుపులోకి వెళ్ళేవి రెండు మూడు వేలు. గంటల్లోనే రక్తం చుట్టూ ఒక పొర గట్టిపడుతుంది, జీర్ణరసాలు పని మొదలుపెడతాయి. ఆలోపు కడుపు గోడ కణాల్లోకి దూరగలిగినవే బతుకుతాయి. అలా సోకే కణాలు కొన్ని పదులు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. వేలల్లో వచ్చినవాళ్ళలో పదుల మంది గుమ్మం దాటారన్న మాట. ఆ పదులే మిగతా సంతతికంతా మూలపురుషులు.

తర్వాతి అడ్డు, కణాల వెనక ఉండే పలచని పొర. దాన్ని దాటాకే వైరస్ దోమ ఒంట్లోని ద్రవంలో కలిసి కొవ్వు కణజాలం, నరాలు, చివరికి లాలాజల గ్రంథులు చేరుతుంది. గ్రంథిలోకి వెళ్ళడం ఒక గడప, అందులోంచి లాలాజలంలోకి రావడం ఇంకో గడప. ప్రతి గడప దగ్గరా జనాభా కుదించుకుపోయి మళ్ళీ పెరుగుతుంది. ఇలాంటి చోట గెలిచింది ‘మెరుగైనది’ కానక్కర్లేదు, తలుపు తెరిచినప్పుడు అక్కడున్నది గెలుస్తుంది. పరిణామంలో యోగ్యత ఎంతో అదృష్టమూ అంతే పనిచేస్తుందని చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

2020లో వెలువడిన ఒక ప్రయోగం ఈ చిత్రానికి ఒక ముఖ్యమైన సవరణ చేసింది. వైరస్ సోకిన దోమకు కొద్దిరోజుల తర్వాత శుభ్రమైన రక్తం మరోసారి పెడితే, కడుపు ఉబ్బి ఆ వెనక పొరలో సూక్ష్మమైన చిరుగులు పడతాయి. వైరస్ వాటిగుండా త్వరగా బయటపడుతుంది. ఈడిస్ ఈజిప్టైకి ఒకేసారి కడుపునిండా తాగి తృప్తిపడే గుణం లేదు. ఒకరిని కొంచెం, ఇంకొకరిని కొంచెం, రెండు మూడు రోజులకోసారి కుడుతూనే ఉంటుంది. ప్రయోగశాలలో ఒక్కసారే రక్తం పెట్టి లెక్కగట్టిన పాత అంకెలు వీధిలోని దోమను తక్కువ అంచనా వేశాయన్న మాట.

ఈ ప్రయాణానికి పట్టే కాలం గాలి వేడిని బట్టి మారుతుంది. డెంగీకి 25 డిగ్రీల దగ్గర సగటున 15 రోజులు, 30 డిగ్రీల దగ్గర సగటున ఆరున్నర రోజులు. దీన్ని దోమ ఆయుష్షుతో కలిపి చూస్తేనే అసలు బరువు తెలుస్తుంది. రోజుకు నూటికి పది దోమలు చస్తాయనుకుందాం. వంద దోమలకు ఈ రోజు వైరస్ ఎక్కితే, 15 రోజులు బతికి కుట్టగలిగే స్థితికి వచ్చేవి 20. అదే వారం రోజులే చాలనుకుంటే 48. ఐదు డిగ్రీల తేడాతో రోగం పంచగల దోమలు రెండింతలు దాటాయి. విశాఖలో సముద్రగాలి వల్ల జూలై నుంచి అక్టోబరు దాకా పగలూ రాత్రీ పెద్ద తేడా లేకుండా 25 నుంచి 32 మధ్య ఉంటుంది. వైరస్‌కు అది అనుకూలమైన కొలిమి. చికున్‌గున్యాకు ఈ పాటి నిరీక్షణా అక్కర్లేదు, రెండు నుంచి ఏడు రోజుల్లోనే లాలాజలానికి చేరగలదు. ఒక వీధిలో డెంగీ కేసులు ఒకటొకటిగా వస్తే చికున్‌గున్యా ఒక్కసారిగా ఇళ్ళకిళ్ళను పడగొట్టడానికి ఇదొక కారణం.

226వ స్థానం కథ

చికున్‌గున్యా పైపొరలో ఇ1 అనే ప్రొటీన్ ఉంది. దాని 226వ స్థానంలో అలనిన్ అనే అమైనో ఆమ్లం బదులు వాలిన్ వచ్చిన వైరస్ 2005-06లో రీయూనియన్ దీవిలో విజృంభించింది. ఆ దీవిలో ఈడిస్ ఈజిప్టై నామమాత్రం. ఉన్నదంతా తోటల్లో పెరిగే ఈడిస్ ఆల్బోపిక్టస్, వీపు మీద ఒకే తెల్లగీత ఉండే పులిదోమ. ప్రయోగశాలలో కొలిస్తే ఈ ఒక్క మార్పుతో పులిదోమ కడుపును సోకడానికి కావలసిన వైరస్ 40 నుంచి 100 రెట్లు తగ్గింది. గుమ్మం వెడల్పైందన్న మాట.

2006లో ఆంధ్రప్రదేశ్‌లోనూ దేశంలో మిగతా చోట్లా తిరిగిన వైరస్‌లో 226 దగ్గర పాత అలనినే ఉంది. మన పట్టణాల్లో రాజ్యం ఈడిస్ ఈజిప్టైది, దానికి ఆ మార్పుతో పనిలేదు. 2007లో కేరళ నమూనాల్లో వాలిన్ కనిపించింది. అక్కడ రబ్బరు తోటల్లో పాలు పట్టే చిప్పల్లో వాననీరు నిలిచి పులిదోమ పెరుగుతుంది. రీయూనియన్ నుంచి అరువు తెచ్చుకున్నది కాదది, కేరళలో విడిగా పుట్టింది. మధ్య ఆఫ్రికాలోనూ అలాగే విడిగా పుట్టింది. ఒకే తప్పు వేర్వేరు చోట్ల పుట్టి, ఆ దోమ ఉన్నచోటల్లా నెగ్గిందంటే, ఎన్నిక చేస్తున్నది దోమేనని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 2009లో కేరళలోనే ఇ2 ప్రొటీన్ 210వ స్థానంలో మరో మార్పు దీనికి తోడై పులిదోమలో దాని పట్టును ఇంకా పెంచింది.

మరి 1965లో విశాఖకు వచ్చిన ఆసియా రకం ఈ ఉపాయం ఎందుకు కనిపెట్టలేదు? ఆగ్నేయాసియాలో అది దశాబ్దాల పాటు పులిదోమల మధ్యే తిరిగింది. జవాబు ఇ1 ప్రొటీన్‌లోనే 98వ స్థానంలో ఉంది. ఆసియా రకంలో అక్కడ థ్రియోనిన్, ఆఫ్రికా రకంలో అలనిన్. 98 దగ్గర థ్రియోనిన్ ఉంటే 226 దగ్గర వాలిన్ వచ్చినా ఉపయోగం ఉండదు, తాళంచెవి తిరగదు. ఎప్పుడో, ఎందుకో, బహుశా కాకతాళీయంగా పడ్డ ఒక అక్షరం ఆ వంశమంతటికీ ఒక దారి మూసేసింది. కేవలం మ్యుటేషన్ల జాబితా చూసి ‘ఇది ప్రమాదకరం, ఇది కాదు’ అని చెప్పడం ఎంత తొందరపాటో ఈ ఒక్క ఉదాహరణ చాలు. మార్పు విలువ అది ఏ వంశంలో పడిందో, ఆ ఊళ్ళో ఏ దోమ ఉందో చూశాకే తెలుస్తుంది.

ఆ తర్వాతి దశకంలో దేశంలో తిరిగిన చికున్‌గున్యాలో 226 పాతదిగానే ఉండి, ఇ1 211, ఇ2 264 స్థానాల్లో మార్పులు వచ్చాయి. ఈ జంట ఈడిస్ ఈజిప్టైని సోకడాన్ని పెంచుతుందని ప్రయోగాలు చూపాయి. విశాఖ వన్‌టౌన్, కంచరపాలెం, గాజువాకల్లాంటి చోట్ల గమనించాల్సింది ఈ జంటను. కంబాలకొండ, సింహాచలం కొండ అంచున కొత్తగా లేస్తున్న కాలనీల్లో చెట్ల తొర్రలు, వెదురు మొదళ్ళు, ఆకుల మొదట్లో నిలిచే నీరు పులిదోమకు సరిపోతాయి కాబట్టి అక్కడ 226 మీదా కన్నుండాలి. ఒకే నగరంలో రెండు రకాల గుమ్మాలు.

గెడ్డ దోమ వేరు, డ్రమ్ము దోమ వేరు

విశాఖలో దోమల మీద ఫిర్యాదంటే వేలు ముందు గెడ్డ (మురుగు కాలువ) వైపే చూపిస్తుంది. ఆ కంపు నీళ్ళలో పుట్టేది క్యూలెక్స్. రాత్రిపూట చెవి దగ్గర సణిగి నిద్ర చెడగొట్టేది, బోదకాలు మోసేది అదే. డెంగీతో దానికి పని లేదు. ఈడిస్‌కు కావలసింది ఇంటి చుట్టుపక్కల, నీడలో, కదలకుండా నిలిచిన తేటనీరు. కొళాయి రోజుకు కాసేపే వచ్చే వీధుల్లో, నీళ్ళు పైకెక్కించుకోవాల్సిన కొండవాలు కాలనీల్లో, ప్లాస్టిక్ డ్రమ్ము, సిమెంటు గోలెం, మూత సరిగా పడని సంపు ఇంటింటికీ ఉంటాయి. ఫ్రిజ్ వెనక ట్రే, కూలరు అడుగు, మనీప్లాంట్ సీసా సరేసరి. ఫిషింగ్ హార్బరులో బోట్ల పక్కలకు వేలాడదీసే పాత టైర్లు, వాడి పారేసిన ఐసు పెట్టెలు, బీచ్ రోడ్డులో కొట్టి పడేసిన కొబ్బరి బొండాలు కూడా ఈ జాబితాలోవే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక కరెంటు, నీటి సరఫరా రోజుల తరబడి లేక దొరికిన గిన్నెలోనల్లా జనం నీళ్ళు పట్టుకున్నారు. తుపాను తర్వాత పది రోజులకు చూడాల్సింది వరద నీరు కన్నా ఆ గిన్నెల్ని.

ఈడిస్ గుడ్లు నీళ్ళలో పెట్టదు. నీటి అంచుకు కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. ఒక విడత గుడ్లన్నీ ఒకే చోట పెట్టకుండా నాలుగైదు పాత్రలకు పంచుతుంది. ఆ గుడ్లు ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి, నీరు తగిలితే పొదుగుతాయి. డ్రమ్ము ఒంపేసి మళ్ళీ నింపడం వల్ల చచ్చేవి లార్వాలు మాత్రమే, గోడకంటిన గుడ్లకు కొత్త నీళ్ళు పోసి మేలు చేసినట్టే. పీచుతో గోడ రుద్దాలి. గుడ్డు నుంచి రెక్కల దోమ దాకా మన వేడికి ఏడు నుంచి పది రోజులు. శుక్రవారం ‘డ్రై డే’ అంటూ వారానికోసారి అడిగేది ఈ లెక్క మీదే. రెండు వారాలు మానేస్తే ఆ లెక్క పోయినట్టే.

లార్వా సర్వేలో మూడు సూచీలు కడతారు. వంద ఇళ్ళు చూసి 12 ఇళ్ళలో లార్వా దొరికితే హౌస్ ఇండెక్స్ 12. ఆ వంద ఇళ్ళలో చూసిన 400 పాత్రల్లో 20 పాజిటివ్ అయితే కంటైనర్ ఇండెక్స్ 5. వంద ఇళ్ళకు 20 పాజిటివ్ పాత్రలు కాబట్టి బ్రెటో ఇండెక్స్ 20. అంకెలు చూడ్డానికి శాస్త్రీయంగానే ఉంటాయి. వెయ్యి లార్వాలున్న డ్రమ్మూ మూడు లార్వాలున్న సీసామూతా ఇందులో సమానమే అన్నది వీటి లోపం. తాళం వేసి ఉన్న ఇళ్ళు, మేడ మీద ట్యాంకులు లెక్కలోకి రాకపోవడం ఇంకో లోపం.

దోమను పట్టడం నుంచి జన్యుక్రమం దాకా

వైరస్ కోసం పెద్ద దోమల్ని పట్టాలి. ఈడిస్ పగటి దోమ కనుక ఉదయం, సాయంత్రం ముందు వేళల్లో ఇళ్ళలో మంచాల కింద, తలుపుల వెనక, వేలాడే బట్టల మధ్య వెతికి పీల్చుగొట్టంతో పడతారు, లేదా మనిషి చెమట వాసన పోలిన మందు పెట్టే ట్రాపులు వాడతారు. ట్రాపులో పడ్డ దోమల్ని పొద్దున్నకు చీమలు తినేయడం ఈ పనిలో అతి మామూలు నష్టం. ట్రాపు వేలాడే తాడుకు గ్రీజో వాజ్‌లీనో పూస్తేనో, కాళ్ళున్నదైతే నీళ్ళ పళ్ళెంలో నిలబెడితేనో తప్ప చీమలు ఆగవు. ఎండలో ఉన్న ట్రాపులో దోమ చచ్చి ఎండితే ఆర్‌ఎన్‌ఏ గంటల్లో పాడవుతుంది. అందుకే రోజుకు రెండుసార్లు తీయాలి.

పట్టినవాటిని మంచుపలక మీద పెట్టి, జాతి, ఆడమగ, కడుపులో రక్తం ఉందా లేదా చూసి వేరుచేస్తారు. ఒకే చోటివి, ఒకే రోజువి ఇరవై ఇరవై అయిదు చొప్పున ఒక ట్యూబులో వేసి మైనస్ 80 డిగ్రీలకు పంపుతారు. ఇక్కడ జరిగే అతి పెద్ద పొరపాటు కడుపులో తాజా రక్తం ఉన్న దోమల్ని మిగతావాటితో కలిపెయ్యడం. అప్పుడు పరీక్షలో దొరికిన వైరస్ దోమదో, అది పొద్దున కుట్టిన రోగిదో చెప్పలేం. రక్తం తాగినవాటిని విడిగా ఉంచాలి, లేదా తలా వక్షమూ ఒక ట్యూబు, పొట్ట ఇంకో ట్యూబు చెయ్యాలి. వైరస్ నిజంగా పంచుతోందా అన్నది తేలాలంటే లాలాజలమే కావాలి. అందుకు రెక్కలూ కాళ్ళూ తీసిన దోమ ముట్టెను సన్నని గాజు గొట్టంలో అరగంటకు పైగా ఉంచుతారు. మగ దోమల ట్యూబు పాజిటివ్ వస్తే దానిదో ప్రత్యేక విలువ. మగది రక్తం తాగదు కనుక, తల్లి దోమ గుడ్డు ద్వారానే వైరస్ వచ్చి ఉండే అవకాశం ఎక్కువ.

వెయ్యి దోమల్ని 40 ట్యూబులుగా పరీక్షించి రెండు పాజిటివ్ అయితే కనిష్ఠ సోకుడు రేటు వెయ్యికి 2. వ్యాప్తి నడుస్తున్న వీధిలో కూడా ఈ అంకె చిన్నదే. వంద దోమలు పట్టి ‘వైరస్ లేదు’ అని రాసిన నివేదికకు అర్థం లేదు. వెయ్యికి రెండున్నచోట వందలో ఏదీ దొరక్కపోయే అవకాశం నూటికి 80కి పైనే.

దొరికిన వైరస్‌ను పెంచడానికి ప్రపంచమంతా వాడే సి6/36 అనే దోమకణాల మూలం మన దేశంలోనే ఉంది. 1967లో పుణే వైరస్ పరిశోధన కేంద్రంలో కె.ఆర్.పి. సింగ్ పులిదోమ లార్వాల నుంచి తయారుచేసిన కణాల్లోంచి 1978లో ఇగరాషి ఎంచి తీసిన శాఖ అది. వైరస్ అందులో బాగా పెరుగుతుంది, కారణం ఆ కణాల్లో ఆర్‌ఎన్‌ఏను కోసే డైసర్-2 కాపలా చెడిపోయి ఉండటం. కాపలాలేని ఇంట్లో పదిసార్లు పెంచిన వైరస్‌లో కనిపించే మార్పులు వీధిలో పుట్టినవో సీసాలో పుట్టినవో తెలియదు. జన్యుక్రమం వీలైతే రోగి సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) నుంచి నేరుగా చదవాలి, కాకపోతే ఒకటి రెండు పెంపకాల్లో ఆపాలి.

చదివే దశలో జన్యుక్రమాన్ని నాలుగైదు వందల అక్షరాల ముక్కలుగా పెంచుతారు. ఆ పెంపకాన్ని మొదలుపెట్టే చిన్న తునక, అంటే ప్రైమరు, అతుక్కునే చోటే వైరస్ మారి ఉంటే ఆ ముక్క రాదు. ఆ ఖాళీని సాఫ్ట్‌వేర్ పాత వైరస్ అక్షరాలతో పూరించేస్తే, మారిన వైరస్ కాగితం మీద మారనిదైపోతుంది. ఖాళీని ఖాళీగానే వదలాలి. వంశవృక్షం గీసేటప్పుడు ఇలాంటి నాలుగు పూరకాలు నెలల కాలాన్ని అటూ ఇటూ చేసేస్తాయి. ఏడాదికి ఏడెనిమిది అక్షరాలే కదా మారేది.

రోగి చిరునామా ఎక్కడిది?

డెంగీ జన్యుక్రమం కావాలంటే జ్వరం వచ్చిన మొదటి ఐదు రోజుల రక్తం కావాలి. వైరస్ ప్రొటీన్‌ను పట్టే ఎన్ఎస్1 పరీక్ష బాగా పనిచేసేదీ అప్పుడే. ఆ తర్వాత వైరస్ తగ్గి ఐజీఎం యాంటీబాడీ పెరుగుతుంది. అప్పుడు తీసిన నమూనా రోగం పేరు చెబుతుంది, వైరస్‌ను మాత్రం ఇవ్వదు. చాలామంది ప్లేట్‌లెట్లు పడిపోయాకే పెద్దాసుపత్రికి వస్తారు కనుక, ఫ్రీజర్లో ఉన్న నమూనాల్లో చదవగలిగేవి కొన్నే. కార్డు టెస్టుల పాజిటివ్‌లు ప్రభుత్వ లెక్కలోకి రావు. ల్యాబులో చేసే ఎలైజా పరీక్షతో నిర్ధారించినవే కేసులు. కార్డు టెస్టుతో వైద్యం మొదలైన రోగి నమూనా ఎలైజాకు వెళ్ళకపోతే ఆ వైరస్ లెక్కకీ అందదు, చదువుకీ అందదు.

విశాఖకు ఇంకో చిక్కుంది. కింగ్ జార్జ్ ఆసుపత్రికి (కె.జి.హెచ్.) ఉత్తరాంధ్ర జిల్లాలన్నిటి నుంచీ, ఏజెన్సీ నుంచీ, ఒడిశా నుంచీ రోగులు వస్తారు. నమూనా మీద ‘విశాఖపట్నం’ అని మాత్రమే రాసి ఉంటే, మ్యాపు మీద అన్ని వంశాలూ ఆ ఆసుపత్రి ఉన్న మహారాణిపేటలోనే పుట్టినట్టు కనబడతాయి. ఇంటి చిరునామా కూడా సగం నిజమే. పగటి దోమ స్టీల్‌ప్లాంటు షెడ్డులోనో, బడిలోనో కుట్టి ఉండవచ్చు. బ్యాంకాక్‌లో జరిగిన అధ్యయనంలో, ఒకే సీజనులో 200 మీటర్ల లోపు ఇళ్ళలో వచ్చిన డెంగీ కేసుల్లో 60 శాతం ఒకే వ్యాప్తి గొలుసువి. ఒకటి నుంచి ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్నవాటిలో 3 శాతమే. దోమ ఎగిరేది వందల మీటర్లే. వైరస్‌ను మధురవాడ నుంచి గాజువాకకు చేర్చేది సిటీ బస్సులో వెళ్ళే మనిషి. జ్వరం రాకముందే రెండు రోజుల పాటు అతని రక్తంలో వైరస్ ఉంటుంది కనుక తను మోస్తున్నదేమిటో అతనికీ తెలియదు.

పోర్టుల చుట్టూ కనీసం 400 మీటర్ల మేర దోమలను అదుపులో ఉంచాలని అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు చెబుతాయి. ఈడిస్ ఎగిరే దూరాన్ని బట్టి చూస్తే అంకె సబబే. పోర్టు గోడకు ఇవతలే వన్‌టౌన్ ఇళ్ళున్నప్పుడు ఆ 400 మీటర్లు ఎవరి బాధ్యతన్నది వేరే తగవు.

మందు కొట్టడంలోనూ ఇదే సంగతి. సాయంత్రం బండి మీద వీధిలో పొగ పోతే లోపల మంచం కింద కూర్చున్న ఈడిస్‌కు తగిలేది తక్కువ. ఇంటి లోపల కొట్టడానికి నియమం 2 శాతం పైరెత్రం అనే దోమల మందు ఒక లీటరుకు 19 లీటర్ల కిరోసిన్. అది కేసు వచ్చిన ఇంట్లోనూ చుట్టుపక్కల ఇళ్ళలోనూ, పగలు, తలుపులు మూసి కొట్టాలి. పైగా దోమ కూడా పరిణామం చెందుతోంది. నరాల్లోని సోడియం ద్వారంలో 1534వ స్థానంలో మార్పు వచ్చిన ఈడిస్ మన దేశంలోనూ దొరికింది. అలాంటి దోమల మీద పైరెత్రాయిడ్ మందుల దెబ్బ తగ్గుతుంది.

వేసవి ట్యూబు

డెంగీ నాలుగు సీరోటైపుల్లో (యాంటీబాడీలు వేర్వేరుగా గుర్తించే రకాల్లో) ఒకటి సోకితే దానిమీద దీర్ఘకాలం రక్షణ ఉంటుంది, మిగతా మూడింటి మీద కొన్ని నెలలే. ఆ తర్వాత రెండోది సోకితే పాత యాంటీబాడీలే వైరస్‌ను కణాల్లోకి చేర్చి రోగాన్ని ముదరబెట్టగలవు. ఊళ్ళో జనానికి దేనిమీద రక్షణ ఉందో దాన్ని బట్టి కొన్నేళ్ళకోసారి సీరోటైపు మారుతుంది. సీరోటైపు లోపల వంశాలూ మారతాయి. మన దేశంలో డెంగీ-2 అమెరికన్ రకం 1971 తర్వాత కనుమరుగై దాని స్థానంలో కాస్మోపాలిటన్ రకం స్థిరపడింది. ఇలాంటి మార్పు చూడగానే ‘బలమైనది వచ్చి బలహీనమైనదాన్ని తరిమింది’ అనడం తేలిక. ఏప్రిల్, మే నెలల్లో విశాఖ మొత్తం మీద వ్యాప్తి గొలుసులు సన్నబడిపోతాయి. ఆ కొద్దిలో ఏది జూలై వానల దాకా నిలిస్తే సెప్టెంబరు నాటికి ఆస్పత్రి నిండా దాని సంతతే. అది యోగ్యతతో నిలిచిందో, ఒక ఇంటి గోలెం పుణ్యాన నిలిచిందో సెప్టెంబరు నమూనాల్ని ఎన్ని చదివినా తెలియదు.

జన్యుక్రమాల నిల్వల్లో మాత్రం ఎక్కువ భాగం ఆగస్టు నుంచి నవంబరు మధ్యవే. కేసులు అప్పుడే ఎక్కువ, నమూనాలు అప్పుడే తేలిగ్గా దొరుకుతాయి, రసాయనాల బడ్జెట్ కూడా అప్పుడే ఖర్చవుతుంది. మే నెలలో వచ్చే ఒకటి రెండు ఎన్ఎస్1 పాజిటివ్‌ల్ని పరీక్ష రాసి ఫైలులో పెట్టేస్తారు. ఆ ట్యూబు మీద జ్వరం మొదలైన తేదీ, రక్తం తీసిన తేదీ, ఇంటి వీధి, పగలు ఉండే చోటు, గత రెండు వారాల్లో వెళ్ళొచ్చిన ఊళ్ళు రాసి, సీరం వేరుచేసి, అదే రోజు మైనస్ 80కి చేర్చాలి. మే నెల కనుక ఫ్రీజరుకు జనరేటరు లైను ఉందో లేదో ముందే చూసుకోవాలి.